అప్పజెప్పిన నేల

ఏలూరులో కొత్తగా తెరిచిన ఇండోర్ స్టేడియం గోడ మీద అబద్ధం రాసి ఉంది. నల్లరాతి పలక మీద, బంగారు రంగు అక్షరాల్లో, చదివేవాడికి అనుమానం రానంత ముచ్చటగా చెక్కించారు. "వరదల కాలంలో ఇక్కడ తలదాచుకున్న కొల్లేటి వాసుల వల్ల నేల పాడైపోగా, నాటి కమిటీవారు ఎంతో శ్రమకోర్చి దానిని తిరిగి వేయించారు." ఆ కొల్లేటి వాసుల్లో మా అమ్మ ఉంది. ఆ నేల పాడుచేసింది మా అమ్మ కాదు, మా వాళ్ళెవరూ కాదు. ఎవరు పాడుచేశారో నేను కళ్ళారా చూశాను. చూసినవాళ్ళలో ఇంకా మిగిలింది బహుశా నేనొక్కణ్ణే. నేను కూడా పోతే ఇక ఆ రాయి చెప్పిందే నిజమైపోతుంది. అందుకని రాస్తున్నాను.

నేను అక్కడికి చరిత్ర చదువుకోవడానికి వెళ్ళలేదు. మా మనవరాలు శిరీషకి షటిల్ పోటీలుంటే, "తాతయ్యా, ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు, రా" అని ఆటో ఎక్కించింది. లోపల చెక్క నేల, అద్దంలా మెరుస్తోంది. కప్పు నిండా దీపాలు. చెప్పులతో అడుగుపెట్టకూడదన్నారు, విప్పాను. ఆట మొదలయ్యేలోపు నడవాలో అటూ ఇటూ తిరుగుతుంటే ఆ పలక కనబడింది. చదివాను. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను. శిరీష గెలిచిందో ఓడిందో ఆ పూట నాకు తెలియదు. ఆఫీసు గదిలో కూర్చున్న మేనేజరు కుర్రాడి దగ్గరికి వెళ్ళాను.

"బాబూ, ఆ గోడ మీది చరిత్ర ఎవరు రాశారండీ?"

"బోర్డులు చేసే ఏజెన్సీవాళ్ళు వేశారండి తాతగారూ. ఏం, అక్షరం తప్పు పడిందాండీ?"

"అక్షరాలన్నీ బాగానే ఉన్నాయండి. సంగతే తప్పు."

అతను చెడ్డవాడేం కాదు. కుర్చీ చూపించాడు, మంచినీళ్ళు తెప్పించాడు. "ఎప్పటిదోనండీ, అప్పటికి నేను పుట్టలేదు" అని నవ్వాడు. "ఏజెన్సీవాళ్ళు కూడా పుట్టలేదు కదండీ, మరి ఎలా రాశారు?" అన్నాను. "రాతపూర్వకంగా ఇవ్వండి, కమిటీకి పంపిస్తాను" అన్నాడు. అదీ మొదలు.

స్టేడియం ఉన్న ఆ చోట, నేను వయసులో ఉన్నప్పుడు, కాలవ ఒడ్డున ఒక పెద్ద రేకుల షెడ్డు ఉండేది. అంతకుముందు అది గోనె సంచుల గోడౌను. అందుకని ఊరంతా దాన్ని గోనెల షెడ్డు అనేవారు. పడవల మీద వచ్చిన సరుకు తడవకూడదని దాని అరుగు మనిషి నడుమెత్తు లేపి కట్టారు. కాలవ ఎంత పొంగినా, తమ్మిలేరు ఎంత విరుచుకుపడినా ఆ అరుగు ఎక్కి లోపలికి చుక్క నీరు వచ్చిందన్న మాట లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. గోడౌను మూతపడ్డాక ఊళ్ళోని క్రీడా సంఘంవాళ్ళు దాన్ని తీసుకుని లోపల సిమెంటు నేల వేయించారు. ఆ రోజుల్లో సిమెంటు నేలంటే ఊళ్ళో ఏ కొద్దిమంది ఇళ్ళలోనో ఉండేది. దాని మీద తెల్ల రంగుతో కోర్టు గీతలు గీయించారు. పొద్దున బంతి బ్యాడ్మింటన్, సాయంత్రం చెడుగుడు. ఒక మూల ఇసక పోసి కుస్తీ. ఆటలు లేని రోజుల్లో నాటకాలు, హరికథలు, పెద్దవాళ్ళ ఉపన్యాసాలు, వర్షాకాలం పెళ్ళిళ్ళు. ఒక్కోసారి జంగారెడ్డిగూడెం నుంచి వచ్చిన పొగాకు బేళ్ళు లారీ దొరికేదాకా అక్కడే పడుండేవి. ఆ షెడ్డు వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. పాత గోనె, పచ్చి పొగాకు, ఆటగాళ్ళ చెమట, కొబ్బరినూనె, పెట్రోమాక్సు లైటు కిరసనాయిలు, ఇవన్నీ కలిసి రేకుల కింద ఉడికిన వాసన. ఇవాళ్టి స్టేడియంలో ఏ వాసనా లేదు. సీసాలో పోసి అమ్మే నిమ్మకాయ వాసన తప్ప.

మాది కొల్లేట్లో లంక ఊరు. నాన్న చేపల వేట, అమ్మ చేపల బుట్ట. నేను మీసం మొలిచే వయసుకి ఏలూరు వచ్చి కాలవ మీద పడవలకి బస్తాలు ఎత్తి దింపేవాణ్ణి. బడికి వెళ్ళినవాణ్ణి కాదు. అక్షరాలు ఆ షెడ్డు గోడల మీద అంటించిన నాటకాల కాగితాలు, పోటీల కాగితాలు చూసి నేర్చుకున్నాను. ఎవరైనా కాగితం పైకి చదువుతుంటే వెనకాల నిలబడి వినేవాణ్ణి. తరవాత ఖాళీగా ఉన్నప్పుడు చెంబులో నీళ్ళు తెచ్చుకుని, వేలు ముంచి ఆ సిమెంటు మీద అదే మాట రాసేవాణ్ణి. ఆరిపోయేది. మళ్ళీ రాసేవాణ్ణి. ఆ నేల నాకు పలక. దాని మీద ఎవరికి ఎంత ప్రేమ ఉందో నాకు చెప్పక్కర్లేదు.

చెడుగుడు కూడా అక్కడే. నీళ్ళలో మునిగి పెరిగినవాళ్ళం కాబట్టి కూత పట్టడంలో కొల్లేటి కుర్రాళ్ళకి ఎదురులేదు. సంఘం జట్టులో నాకు చోటిచ్చింది సెక్రటరీగారే. ఆయన పేరు రాయను. వాళ్ళ పిల్లలు, మనవలు ఉన్నారు, వాళ్ళేం చేశారు పాపం. మనిషి ఎర్రగా, పొడుగ్గా ఉండేవారు. ఇస్త్రీ పంచె, పట్టు ఉత్తరీయం, చేతిలో పొడుం డబ్బీ. తెల్లారకముందే వచ్చి చెప్పులు మెట్ల దగ్గర విడిచి, ఒట్టి కాళ్ళతో ఆ సిమెంటు మీద ఈ చివర నుంచి ఆ చివరికి నడిచేవారు. ఎక్కడైనా ఇసక రేణువు తగిలితే కాపలాదారు సత్తియ్యని పిలిచేవారు. "ఏవయ్యా సత్తియ్యా, ఇది ఆటస్థలమా, బండ్ల దొడ్డా?" నా కూత విని, "ఒరేయ్ వెంకన్నా, నీ గుండెల్లో గాలి తిత్తి ఉందిరా" అని వీపు మీద చరిచారు ఒకసారి. ఆ చరుపు కోసం నేను ఎన్నాళ్ళు పొంగిపోయానో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఇక మా అమ్మ సంగతి. మా లంకలో ఇళ్ళు దిబ్బ మీద, తాటాకు కప్పులు, మట్టి నేలలు. ఎండుచేపల వాసనా, తుంగ చాపల వాసనా, పిడకల పొగా ఒకదాన్నుంచి ఒకటి విడదీయలేం. అమ్మ పొద్దున లేవగానే మొహం కడుక్కోవడం కన్నా ముందు నేల చూసేది. ఎక్కడ పెచ్చు లేచిందో, ఎక్కడ చీమలు గుల్ల చేశాయో చూసి, పేడా ఒండ్రూ కలిపి అలికాకే పొయ్యి వెలిగించేది. అలకని నేల మీద అన్నం పెట్టేది కాదు. అలకని ఇల్లు ఎవరో పోయిన ఇల్లని ఆవిడ లెక్క. కొల్లేటికి నీళ్ళు ఎక్కిన ప్రతి ఏడూ దోనెల్లో సామాను వేసుకుని గుండుగొలను వైపో పెదపాడు వైపో వెళ్ళి, తెలిసినవాళ్ళ వసారాలోనో గొడ్ల చావిట్లోనో ఉండేవాళ్ళం. నీళ్ళు తీశాక వచ్చేసే రోజున మా ఆడవాళ్ళు చేసే పని ఒకటుంది. తలదాచుకున్న చోటు మొత్తం శుభ్రంగా అలికి, ముగ్గేసి, ఇంటావిడని పిలిచి, "అమ్మా, నేల అప్పజెప్తన్నాం" అని చెప్పి వెళ్ళేవారు. ఆ ఇంటావిడ వచ్చి ముగ్గు చూసి, "చల్లగా ఎల్లి రండమ్మా" అంటేనే కదిలేవారు. గొడ్ల చావిడి అయినా అంతే. అలకకుండా వస్తే, ఇంకో వరదకి ఆ గుమ్మం ఏ మొహంతో ఎక్కుతాం? మాకు తెలిసిన మర్యాద అది.

ఆ ఏడు నీళ్ళు ఎప్పటిలా రాలేదు. పెదపాడు వైపు కూడా మునిగింది. మా లంకవాళ్ళంతా దోనెల్లో కాలవ పట్టుకుని ఏలూరు వచ్చేశారు. నేను పరిగెత్తి సెక్రటరీగారితో చెప్పాను. ఆయన మారు మాట్లాడకుండా షెడ్డు తలుపులు తీయించారు. ఆ మాట దాచను, దాస్తే ఆ రాయికీ నాకూ తేడా ఏముంది? ఆయనే గంజి కాయించారు, బియ్యం పంచారు, చంటిపిల్లలకి పాలు తెప్పించారు. మావాళ్ళు కోర్టు గీతల మధ్య సంసారాలు సర్దుకున్నారు. "ఈ గీతలు గీసినోళ్ళెవరో గానీ, వాటాలు బాగా పంచార్రా" అని అమ్మ నవ్వింది. వల కట్టే చోట ఒక కుటుంబం, సర్వీసు గడిలో ఒక కుటుంబం. "ఏమే వదినా, మీ కోడి మా గడిలోకొచ్చింది, ఇంక మాదే" అని ఒకావిడ. "కోడిని పట్టుకో, దాంతోపాటు మీ అన్నయ్యని కూడా పట్టుకో, ఈ గురక పడలేకపోతన్నా" అని ఇంకొకావిడ. బయట ఊరు మునుగుతుంటే ఆ రేకుల కింద నవ్వులు. లోపలికి మాత్రం చుక్క నీరు రాలేదు.

వాన వెలిశాక, దిబ్బ తేలిందేమో చూద్దామని మగవాళ్ళం దోనెలేసుకుని లంకకి వెళ్ళాం. మేం తిరిగొచ్చేసరికి షెడ్డు లోపల ఎవరూ గుర్తుపట్టలేనట్టుంది. గోడ నుంచి గోడ దాకా నేలంతా అలికేసి ఉంది. కాలవ గట్టు ఒండ్రు తెచ్చారట, బండ్ల దొడ్లోంచి పేడ తెచ్చారట, ఆడవాళ్ళంతా వరస కట్టి వెనక్కి జరుగుతూ పొద్దుణ్ణుంచి అలికారట. తెల్ల గీతలు ఎక్కడా కనబడవు. మధ్యలో ఈ గోడ నుంచి ఆ గోడకి అందేంత పెద్ద ముగ్గు. ముగ్గుకి పిండి ఎక్కడిదంటే, తమకి పంచిన బియ్యంలో తలా గుప్పెడు మిగిల్చి దంచారు. సత్తియ్య మెట్ల మీద కూర్చుని తల పట్టుకున్నాడు.

"ఒద్దమ్మా, అయ్యగారు కోప్పడతారమ్మా అని చెప్పానయ్యా వెంకన్నా. ఇంటేనా?"

"ఎందుకు కోప్పడతారు అన్నయ్యా?" అంది అమ్మ, మోచేతుల దాకా పేడతో. "పాపం ఎవరూ పట్టించుకోక నేల బోసిగా వదిలేశారు. సిమెంటైతే మటుకు, అలక్కపోతే అది ఇల్లెలా అవుద్ది? నువ్వెళ్ళి అయ్యగారిని పిలు. నేల అప్పజెప్పి ఎల్లిపోతాం."

మా అమ్మకి గీతలు ఆట కోసమని తెలియదు. సిమెంటుని అలకరని తెలియదు. ఆవిడ పొరపాటు పడింది. ఆ మాట ఎవరి ముందైనా ఒప్పుకుంటాను. కానీ పొరపాటు వేరు, పాడుచెయ్యడం వేరు.

సాయంత్రానికి, అలుకు ఆరాక, సెక్రటరీగారు వచ్చారు. గుమ్మంలో ఆగిపోయారు. అలవాటు కొద్దీ చెప్పులు విడవబోయి, విడవలేదు. చెప్పులతోనే ముగ్గు మీదికి నడిచారు. అమ్మ మొహం అప్పుడు మారింది.

"ఏంటమ్మా ఇది? ఆటలాడే చోట పేడ పూశారా?"

"అలికామండి బాబూ. మీ నేల మీకు అప్పజెప్తన్నాం."

"ఎవరడిగారమ్మా మిమ్మల్ని?"

"అడిగితే అలికేది కాదు కదండీ అయ్యగారూ" అంది అమ్మ. ఎదురుచెప్పడానికి కాదు. నిజంగా ఆయనకి తెలియదేమోనని చెప్పింది.

మర్నాడు పొద్దున ఎవరో పెద్ద అధికారి, వరద బాధితులకి సంఘం చేసిన ఏర్పాట్లు చూడటానికి వస్తున్నారు. సెక్రటరీగారి కంగారంతా అదీ. పైకి అరవలేదు, బూతు మాట అనలేదు. ఏలూరు పెద్దమనుషులు అలా అనరు. మెల్లగా, అందరికీ వినబడేట్టు అన్నారు: "ఈ జనాన్ని లోపలికి రానివ్వడం నాదే బుద్ధి తక్కువ." పాలు తెప్పించిన మనిషే ఆ మాటన్నారు. తిట్టినా బాగుండేది.

నేను చేతులు జోడించాను. "అయ్యగారూ, నీళ్ళు పోయించండి. నానితే ఒక్క తుడుపుతో వచ్చేస్తదండి. కాలవ పక్కనే ఉంది, మేం ఇంతమందిమి ఉన్నాం, బిందెలందుకుంటాం." ఒక గోనె తడిపి గుమ్మం పక్కన మూల తుడిచి కూడా చూపించాను. కింద సిమెంటు, సిమెంటు మీద తెల్ల గీత, చెక్కుచెదరకుండా బయటపడ్డాయి. ఇదేమీ గొప్ప విద్య కాదు. ఆయన ఇంట్లో ఆడవాళ్ళని అడిగినా ఆ మాటే చెప్పేవారు.

"నీళ్ళా? చేసిన బురద చాలక ఇంకా బురదా?" అన్నారు. కూలీలని పిలిపించి పారలు తెప్పించారు. పొడి మీదే గీకమన్నారు. పార అంచు సిమెంటు మీద పడి గీరుకుపోతుంటే వచ్చే చప్పుడు, పళ్ళు జివ్వుమనే ఆ చప్పుడు, ఇది రాస్తుంటే కూడా వినబడుతోంది. పెచ్చు రానిచోట గడ్డపారతో పొడిచారు. అలుకుతో పాటు సిమెంటు పెళ్ళలు లేచాయి, తెల్ల రంగు లేచింది, నేను అక్షరాలు దిద్దుకున్న చోట గుంట పడింది. అది చేసింది పార. పట్టుకున్నది కూలీ. గీకమన్నది సెక్రటరీగారు, అంటే కమిటీ. మా ఆడవాళ్ళు మెట్ల కింద మూటలు పట్టుకుని నిలబడి చూశారు. ఎవరూ ఏడవలేదు. "చల్లగా ఎల్లి రండి అనలేదురా" అంది అమ్మ నాతో.

తరవాత సంఘం గోడ మీద కాగితం అంటించారు. కొల్లేటివాళ్ళు చేసిన నష్టం వల్ల ఆటలు నిలిపివేయడమైనదని. ఎవరి సాయం లేకుండా నేను మొదలు నుంచి చివరి దాకా చదవగలిగిన మొదటి కాగితం అదే. ఆ నెలలో తాడేపల్లిగూడెంలో చెడుగుడు పోటీలున్నాయి. జట్టు రైలెక్కింది, నేను స్టేషను దాకా వెళ్ళి మూటతో వెనక్కొచ్చాను. "నువ్వుంటే అక్కడ గొడవవుద్ది వెంకన్నా, పైవాళ్ళ మాట" అన్నాడు కెప్టెను, నా మొహం చూడకుండా. నేల మళ్ళీ వేశారు, నిజమే. పారలు తిన్న నేలని మళ్ళీ వెయ్యక ఏం చేస్తారు? చెడ్డపేరు మాత్రం మాకు మిగిలింది.

మళ్ళీ పెద్ద వరద వచ్చినప్పుడు మావాళ్ళు అలవాటుగా ఏలూరే వచ్చారు. షెడ్డుకి తాళం. సత్తియ్య కళ్ళనీళ్ళు పెట్టుకుని, "తాళం నా దగ్గర లేదమ్మా" అన్నాడు. కాలవ గట్టు మీద, చూరు కింద, ఈదురుగాలిలో గోనెలు కప్పుకుని కూర్చున్నారు. "అలుకుతామని బయంరా ఈళ్ళకి" అని అమ్మ నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు ఆవిడ్ని మళ్ళీ వదల్లేదు. ఆ తరవాత ఎన్నో ఏళ్ళు బతికింది, ఆ దగ్గుతోనే బతికింది. నేను ఏలూరులో అద్దె ఇల్లు తీసుకుంటే వచ్చి, సిమెంటు నేల చూసి గుమ్మం బయటే చాప వేసుకుంది. "లోపలికి రా అమ్మా" అంటే, "ఒద్దులేరా, పోయేటప్పుడు అలకబుద్ధేస్తది" అంది. వేళాకోళంగానే అంది. స్టేడియంవాళ్ళకి ఇదంతా కట్టడం చరిత్రలో ఒక వాక్యం. మా ఇంట్లో అది ఒక మనిషి గుమ్మం బయట కూర్చోవడం.

ఇవాళ కొల్లేట్లో దోనెలు వెతికితే గానీ కనబడవు. చేపల చెరువులూ, లారీలూ, మిద్దెలూ. మా లంకలో నేల అలికే ఇల్లు నాకు తెలిసి ఒక్కటి లేదు, టైల్సు వేయించుకున్నారు. నేను దానికి ఏడవను. మోకాళ్ళు అరగదీసుకుని అలికినవాళ్ళకి తెలుసు ఆ కష్టం. ఏలూరు స్టేడియం కూడా బాగానే ఉంది. ఆటలున్నాయి, పరీక్షలు రాయిస్తారట, ఓట్లు లెక్కపెడతారట, పెళ్ళి చీరల అమ్మకాలు పెడతారట. ఆ రోజుల్లో గోనెల షెడ్డు కూడా అన్నిటికీ పనికొచ్చేది. నా మనవరాలు ఎవర్నీ అడక్కుండా లోపలికి నడిచి వెళ్ళి ఆడుతోంది, మంచిదే. కానీ అది నడిచే దారిలోనే, దాని ముత్తవ్వని దోషిని చేసిన రాయి ఉంది. వేలు ముంచి నీళ్ళతో రాసినది ఆరిపోతుంది, ఎవరికీ నష్టం లేదు. రాయి మీద చెక్కినది ఆరదు.

కమిటీకి ఉత్తరం రాశాను. జవాబు లేదు. మళ్ళీ రాశాను. శిరీష కంప్యూటర్లో కొట్టిస్తానంది, ఒద్దన్నాను, నా అక్షరాలతోనే రాశాను. మేనేజరు కుర్రాడు ప్రతిసారీ "పంపించానండి తాతగారూ" అనేవాడు. నేను పెద్ద కోరిక కోరలేదు. నేల ఎలా పాడైందో అంతా వివరంగా రాసి, ఆ వాక్యం తీసేసి ఇలా చెక్కించమన్నాను: "వరదలో ఇక్కడ తలదాచుకున్న కొల్లేటివాళ్ళు వెళ్తూ వెళ్తూ ఈ నేల అలికి అప్పజెప్పారు. కమిటీవారు దానిని పారలతో గీకించి పాడుచేశారు." రెండో మాట చెక్కించడం కష్టమైతే మొదటిదొక్కటీ చాలన్నాను. ఆ షెడ్డు లోపలికి ఏ వరదకీ చుక్క నీరు రాలేదని, నీళ్ళు పోసి ఉంటే ఆ నేల దక్కేదని కూడా రాశాను. చాలాకాలానికి, ముద్ర వేసిన కవరులో జవాబు వచ్చింది. ఉన్నదున్నట్టు ఇస్తున్నాను:

"అయ్యా, మీ లేఖలు అందినవి. చరిత్ర ఫలకముపై గల వాక్యము కొల్లేటి ప్రాంతీయుల మనోభావములను నొప్పించునట్లున్నదని కమిటీ అంగీకరించి, సదరు వాక్యమును సవరించి చెక్కించడమైనది. ఇకపై అది ఈ విధముగా ఉండును: 'వరద నీటి వల్ల నేల పాడైపోగా, నాటి కమిటీవారు ఎంతో శ్రమకోర్చి దానిని తిరిగి వేయించారు.' మీరు చూపిన ఆసక్తికి ధన్యవాదములు."